అడుగు నిలిచిన వరుస

గొర్రె మందల గాచెడి కొండవాస
నల్లగొంగడి మైదాల్చు నాథ! వీర!
అడుగు దప్పిన వారికి నండ గావె
యిల్లు నిలుపవె మాపాలి యింటివేల్ప!

మా కులదైవమైన బీరప్పకు ఇలా మొక్కి, ఆ వానకాలంలో మా ఇంట జరిగినది నేను చూసినంత, విన్నంత చెబుతాను. ఎక్కువ చెబితే నా నోటికి దోషం. తక్కువ చెబితే పోయినామెకు అన్యాయం.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి రెండు వాకిళ్ళు. ముందు వాకిలి దాటితే పని గది, దాని వెనుక మేముండే గదులు. వెనుక వాకిలి సందులోకి తెరుచుకుంటుంది. మా తాతముత్తాతలు ఆ పని గదిలోనే గుంటమగ్గం మీద గొంగళ్ళు నేశారు. నేను మగ్గం వదిలి పద్యం పట్టుకున్నాను. బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. నా కొడుకు మల్లేశ్ మళ్ళీ దారం దగ్గరికే వచ్చాడు. అయితే వాడిది మగ్గం కాదు, తుపాకిలా చేతబట్టి గుడ్డలోకి దారం గుచ్చే గన్ మిషన్. ఎవరు ఏ బొమ్మ పంపితే ఆ బొమ్మతో తివాచీ చేసి ఇస్తాడు. చేతులు వాడివి. ఏ దారం, ఏ రంగు, ఎంత ఎత్తు అన్న ఆలోచన మాత్రం నా కోడలు సునందది.

సునందకు చిన్ననాడు పోలియో సోకి ఎడమకాలు చచ్చుబడింది. కుడి అడుగు టక్కున పడేది. ఎడమ పాదం నేలను రాసుకుంటూ సర్రున వచ్చి దాన్ని కలుసుకునేది. టక్కు, సర్రు. పూజగదిలో కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నప్పుడు ఆ చప్పుడును బట్టే కోడలు ఎక్కడున్నదో నాకు తెలిసేది. దశాబ్ద కాలంగా ఆ చప్పుడు మా ఇంటికి గడియారం వంటిది.

ఆషాఢంలో ఒక పని వచ్చింది. మీర్‌పేటలో అనురాధ అనే వైద్యురాలు పక్షవాతం వచ్చినవాళ్ళకు నడక నేర్పే కేంద్రం నడుపుతుంది. సునంద కాలికి వ్యాయామం నేర్పినదీ ఆమెనే. తన నడక హాలు పొడుగునా పరచడానికి కార్పెట్ టైల్స్ కావాలన్నది. నేలకు రాళ్ళు పరచినట్టు ముక్కలు ముక్కలుగా అమర్చే తివాచీ అది. ఒక ముక్క చెడితే దాన్నే తీసి మార్చుకోవచ్చు. అప్పటిదాకా చిన్నచిన్న గదులకు తివాచీలు చేసిన మల్లేశ్‌కు అంత పెద్ద పని అదే మొదటిది.

దారం దగ్గర ఇంట్లో వాదం మొదలైంది. నేను ఉన్ని అన్నాను. సునంద పాలీప్రొపిలీన్ అన్నది. వాళ్ళు దాన్ని పీపీ దారం అంటారు.

"మామా, జర మీ చెంబియ్యుండ్రి" అన్నది ఒకనాటి ఉదయం, నేను సంధ్య ముగించి లేస్తుండగా.

రాగిచెంబులోని నీళ్ళలో రెండు దారపు పోగులు వేసి, రెండింటినీ వేలితో ముంచి వదిలింది. ఉన్ని పోగు నీళ్ళు తాగి అడుగుకు దిగిపోయింది. పీపీ పోగు గబుక్కున పైకి వచ్చి, తడి కూడా అంటనట్టు తేలుతూ నిలిచింది.

"నీరే అంటని దానికి ప్రాణమెక్కడిదమ్మా?" అన్నాను. "రంగు కూడా పట్టదంటివి."

"దారం కాకముందే, ముద్దగ ఉన్నప్పుడే రంగు కలుపుతరు మామా. ఎన్కసీరి ఎందుల ముంచినా పట్టదు, పోదు."

"ఉన్ని మడికి నిలుస్తుంది. దాని మీద కూర్చుంటే మంత్రం నిలుస్తుంది. ఇది ప్రాణం లేని ప్లాస్టిక్కు."

"ప్రాణం నడిచేటోళ్ళకుంటది గద మామా, కాళ్ళ కింద దానికెందుకు?" అని నవ్వింది. ఆ తరువాత నవ్వు తగ్గించి చెప్పింది. "ఆ హాల్ల ఏం పడ్తయో నాకెరుక. నీళ్ళు, మందులు, ఒక్కోపారి ఆపుకోలేక మూత్రం. మనిషి సిగ్గుతోని చచ్చిపోతడు. ఉన్నైతే ఆ వాసన లోపల దాసుకుంటది. గిది దాసుకోదు, తుడిస్తే పోతది. ఇయ్యాల వచ్చినోనికి నిన్నటి మనిషి బాధ కనవడొద్దు."

 అడ్డు చెప్పినది మల్లేశ్.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ గని, పీపీ కుచ్చు పండుకుంటది సునందా. ఉన్ని తొక్కితే మళ్ళ లేస్తది. గిది లేవది. నాలుగొద్దులు నడిస్తే తొవ్వ పడ్తది. రేపు ఆ డాక్టరమ్మ మన మొకాన కొడ్తది."

"కొడ్తదో లేదో నడిచి చూద్దాం. నాలెక్క నడిచేటోళ్ళే గద అక్కడ నడిచేది?"

ముందు వాకిలి నుంచి గది చివరిదాకా రెండు వరుసల టైల్స్ పక్కపక్కన పరిపించింది. ఎడమ వరుస ఉన్నిది, కుడి వరుస పీపీది. రెండూ మెత్తగా కనపడేలా కుచ్చు, అంటే పైకి లేచి నిలిచే దారపు కొసలు, పొడుగ్గా కోసినవే. ఇంటిల్లిపాదీ ఉన్ని వరుస మీద నడవాలని, పీపీ వరుస తనదని హుకుం వేసింది.

"నా వరుస మీద ఎవ్వలు కాలు వెట్టొద్దు. లెక్క తప్పుతది."

మా దగ్గర దారాలు కత్తిరించే యాదలక్ష్మి ఊరుకునే మనిషి కాదు. "పెండ్లినాడు మల్లేశన్న ఎంట ఏడడుగులు నడువనీకె గంట చేసినవంట. ఇప్పుడేమో పొద్దంత నడువవడ్తివి!"

"అప్పుడు ఎన్కవడి నడిచిన. ఇప్పుడు ముందల నడుస్తున్న" అన్నది సునంద. గన్ మిషన్ ఆపి మరీ నవ్వాడు మల్లేశ్. వాడు అట్లా నవ్వడం నేను చూసినది అదే ఆఖరు.

బోనాల నెలంతా ఆమె ఆ వరుస మీద నడిచింది. వాన చినుకుల మధ్య, మిషన్ రొద మధ్య, టక్కు, సర్రు.

శ్రావణంలో జ్వరం వచ్చింది. దోమకాటు జ్వరమే, తగ్గిపోతుందన్నారు. తగ్గినట్టే తగ్గి, ఒంట్లో రక్తం నిలవలేదు. పట్నం దవాఖానకు కూర్చొని పోయిన పిల్ల పడుకొని తిరిగి వచ్చింది. ఆ సంగతి ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

మా ఇంట ఒక ఆచారం ఉన్నది. పెద్దకర్మకు ముందటి సాయంత్రం, పోయినవారు తిరిగిన చోట జల్లెడతో బూడిద చల్లి, దాని మీద గంప బోర్లించి, నల్ల గొంగడి కప్పుతాము. తెల్లవారి గంప లేపితే బూడిద మీద ఏదో ఒక గుర్తు ఉంటుంది. పిట్ట కాలో, చీమ బారో, అడుగు నీడో. ఆ గుర్తును చూసి, పోయినవారు ఒకసారి ఇంటికి వచ్చి సెలవు తీసుకుని వెళ్ళారని మనసు కుదుటపరచుకుంటాము. మా అమ్మకు అట్లాగే చూశాము, మా నాయనకూ చూశాము.

సునందకు, పని గది మూసి ఉన్నందున, వంటింట్లో చల్లాము. మల్లేశే గంప లేపాడు. బూడిద జల్లెడ పట్టినది పట్టినట్టే ఉన్నది. చీమ కూడా పాకలేదు. వాడు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం నేలకు తాకేదాకా వంచి చూశాడు.

"గట్లెట్ల పోతది బాపు?" అన్నాడు. "నాకు చెప్పకుంట ఎట్ల పోతది?"

నా భార్య నర్సింహమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నది. 

మైల తీరిన తరువాత పని గది తలుపు తీశాము. కిటికీలోంచి వచ్చే వెలుతురు నేల మీద ఏటవాలుగా పడుతున్నది. అందరమూ తలుపు దగ్గరే ఆగిపోయాము.

ఎడమ పక్క ఉన్ని వరుస ఎవరూ ఎన్నడూ నడవనట్టు నిండుగా లేచి ఉన్నది. అందరి అడుగులనూ మరిచిపోయింది. కుడి పక్క పీపీ వరుసలో మాత్రం కుచ్చు పడుకుని ఉన్నది. ఒక పక్క పాదాల గుంటలు, వాటి పక్కనే నేలను రాసుకుంటూ సాగిన గీత, వాకిలి నుంచి గది చివరిదాకా. నీటిని, రంగును, వాసనను దేనినీ తనలోకి రానివ్వని దారం ఆమె నడకను పట్టుకుని కూర్చున్నది.

"బూడిదల రాలే. గిండ్ల ఉన్నది" అన్నాడు మల్లేశ్, చాలా మెల్లగా.

ఆనాటి నుంచి ఆ వరుస మీద ఎవరూ కాలు పెట్టలేదు. కాలు పెట్టవద్దన్న ఆమె మాట ఉండనే ఉన్నది. పక్కనున్న ఉన్ని వరుస మీద నడవడానికి కూడా కాళ్ళు రాలేదు. ముందు వాకిలి మూసి గొళ్ళెం పెట్టాము. ఇంటివాళ్ళమూ, పనివాళ్ళూ, అందరమూ వెనుక సందులోంచి రాకపోకలు సాగించాము. పాలవాడు కూడా అలవాటు పడ్డాడు.

మల్లేశ్ మిషన్ దగ్గర కూర్చునేవాడు గానీ మీర్‌పేట పని ముట్టలేదు. అనురాధమ్మ ఫోన్ చేస్తే నర్సింహమ్మే మాట్లాడేది. కార్తీకం దాటితే తాను వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదని, హాలులో మనుషులు చలువరాయి మీద జారిపడుతున్నారని ఆమె చెప్పింది. ఆ మాట చెబితే మల్లేశ్ తల ఎత్తకుండానే అన్నాడు.

"ఇయ్యనీ అమ్మా. నేను గన్ను అమ్మేస్త. గా వరుస లేపి నమూనా లెక్క ఎవ్వలికో చూపిచ్చుడు నాతోని గాదు."

పని పోతే పోనీ. నన్ను పీడించిన భయం అది కాదు. నా కొడుకు ఆ వరుస ఒడ్డునే నిలబడిపోతాడేమో, ఇక ఈ పక్కకు రాడేమో అన్నదే నా భయం. వాడి కళ్ళు అక్కడే ఉండేవి. కంచంలో అన్నం కలిపి, కలిపినది చూస్తూ కూర్చునేవాడు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం అది మళ్ళీ వినపడింది.

పనివాళ్ళు వెనుక వసారాలో సద్దులు విప్పుకున్నారు. నర్సింహమ్మ నిద్రపోతున్నది. నేను పూజగదిలో కళ్ళు మూసుకుని ఉన్నాను. టక్కు. ఆ వెంటనే, దారాన్ని రాసుకుంటూ, సర్రు. జపమాల నా వేళ్ళ మధ్య ఆగిపోయింది. టక్కు, సర్రు. వాకిలి దాకా వెళ్ళింది, తిరిగి వచ్చింది, ఆగింది. నేను లేవలేదు. లేస్తే ఆమె వెళ్ళిపోతుందన్న దిగులు ఒకటి, లేస్తే ఆమె కనబడుతుందన్న జంకు ఒకటి, రెండూ నన్ను పీట మీదనే కట్టివేశాయి.

మరునాడూ వినపడింది. ఆ తరువాత వానపడని మధ్యాహ్నం లేనట్టే, అది లేని మధ్యాహ్నమూ లేకపోయింది.

నర్సింహమ్మతో చెప్పాను. ఆమె నివ్వెరపోలేదు. "నాగ్గూడ ఇనవడ్తున్నది. నీకు చెప్తే భయపడ్తవని సప్పుడు జెయ్యలే" అన్నది. ఆ సాయంత్రం వరుస మొదట్లో దీపం పెట్టి, నేల మీద కూర్చుని, అటుగా అడిగింది. "ఏం గావాలె బిడ్డా? తినవుద్దయితున్నదా? చెప్పు తల్లీ, నేను చేస్త గద."

యాదలక్ష్మి వరుస వైపు వేలెత్తి చూపింది. "సారూ, ఆ గీత మొన్న గింత లేకుండె. లోతైతున్నది చూడుండ్రి."

చూశాను. నిజమే. ఆషాఢంలో వేలి గుర్తంత ఉన్న గీత ఇప్పుడు నాగలి చాలులా తోచింది. ఆత్మకు బరువు లేదని చదువుకున్నవాణ్ణి. బరువు లేనిది కుచ్చును ఎట్లా నలుపుతుందని అడగవలసిన బుద్ధి నాకు ఆ క్షణాన కలగలేదు. బూడిదను కాదన్న కోడలు, తాను ఏరుకున్న దారం మీదికి వచ్చిందని నమ్మాను. నమ్మి, ఆమె గతి కోసం ఆ గదిలో నామపారాయణ మొదలుపెట్టాను. నేను పారాయణ చేస్తుంటే మల్లేశ్ మిషన్ ఆపి, గోడకు ఆనుకుని వినేవాడు. 

దసరా వెళ్ళిన తరువాత అనురాధమ్మ తానే వచ్చింది. వెనుక సందు సంగతి ఆమెకు తెలియదు. ముందు వాకిలి తట్టింది. ఎన్నో వారాలకు ఆ గొళ్ళెం తీసినది నర్సింహమ్మే. పొద్దుటి ఎండ తలుపుతో పాటు లోపలికి వచ్చి వరుస పొడుగునా పరచుకున్నది.

"గదాని మీద కాలు పెట్టకు బిడ్డా" అన్నది నర్సింహమ్మ.

"పెట్టనమ్మా. సునందక్క ఫోన్ల చెప్పింది నాకు, నడిచి చూస్తున్న అని." ఆమె చెప్పులు విడిచి వాకిట్లోనే గొంతుక్కూర్చున్నది. వైద్యులు ఎక్స్‌రే చూసినట్టు, తల పక్కకు వంచి, ఆ గుర్తులను చూడసాగింది. మల్లేశ్ మిషన్ పక్కన నిలబడి ఉన్నాడు. యాదలక్ష్మి చేతిలో కత్తెర ఆడుతున్నది.

"గిది ఆమెనే" అన్నది అనురాధమ్మ, అంచు దగ్గరి ఒక పలచని గీతను చూపుతూ.  "గీ వంపు చూడుండ్రి సార్. కాలు లేవనోళ్ళు నడుము ఎత్తి, కాలును పక్క నుంచి తిప్పుకుంట తెస్తరు. గీత కొడవలి లెక్క వంగుతది. సునందక్కది గట్లనే ఉంటుండె."

వేలు మెల్లగా ముందుకు జరిగింది. లోతైన చాలు దగ్గర ఆగింది. ఆమె నుదురు ముడిపడింది.

"మరి గిది ఎవరిది?"

ఆమె చాలు పక్కన జానెడు పెట్టి కొలిచి చూసింది.

"గిది వంగలే. సక్కగ ఉన్నది. మడిమె మోపి, ఎన్కకెల్లి గుంజినట్టున్నది. పాదం పెద్దది, బరువు ఎక్కువ." తనలో తాను అనుకుంటున్నట్టే అన్నది. "గిది కాలు రాని మనిషి అడుగు గాదు సార్. కాలు మంచిగున్న మనిషి ఈడ్చిన అడుగు."

యాదలక్ష్మి చేతిలో కత్తెర ఆగింది.

నేను నా కొడుకు వైపు చూడదలచలేదు. నా చూపు నేల మీదనే ఉన్నది. అక్కడ వాడి పాదాలు కనిపించాయి, చెప్పులు లేకుండా. ఎడమ పాదం బొటనవేలి కింద చర్మం ఎర్రగా కమిలి, అక్కడక్కడ లేచి ఉన్నది. దారం ఒరుసుకుని కాలినట్టు.

అప్పుడు వాడి గొంతు వినపడింది.

"సప్పుడు ఇనవడకుంటే చెయ్యి ఆడలె బాపు."

అంతే అన్నాడు. అందరూ అన్నానికి లేచినప్పుడు, తానొక్కడే ఆ వరుస ఎక్కి, ఆమె గుంటలో కుడి పాదం పెట్టి, ఆమె గీతలో ఎడమ పాదం ఈడ్చి, ఆ చప్పుడు తనకు తానే వినిపించుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని విన్నది అదే. నర్సింహమ్మ దీపం పెట్టి అన్నం అడిగినది ఆ అడుగునే.

నర్సింహమ్మ వాడి దగ్గరికి వెళ్ళి, వాడి పాదాన్ని ఒడిలోకి తీసుకుని కూర్చున్నది. ఇంత కొబ్బరినూనె తెమ్మని యాదలక్ష్మిని పంపింది. ముప్పై దాటిన కొడుకు, కాలు తల్లి ఒడిలో పెట్టి, గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. అనురాధమ్మ బయటికి వెళ్ళబోయింది. వాడే ఆపాడు.

"అక్కా, జర ఆగు. కుచ్చు పొడుగు గోసుడు వద్దు" అన్నాడు.  "పీపీ అయితే పండుకుంటది. మేమిద్దరం నడిచినం గద, తేలిపాయె. పొట్టిగ, దగ్గర దగ్గర, కొస కొయ్యకుంట, దారం మడత అట్లనే ఉంచి, లూపే కుట్టాలె. గట్లయితే పండుకోనీకె జాగ ఉండది. పాదం తట్టుకోది. దారం మాత్రం ఆమె చెప్పిందే."

ఎన్ని వారాలకో వాడి నోట పని మాట వచ్చింది. అనురాధమ్మ తల ఊపి, కళ్ళు తుడుచుకుని, మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే అని చెప్పి వెళ్ళింది.

ఇక ఆ వరుస సంగతి మిగిలింది.

"దీన్నేం జేద్దాం బాపు?" అని అడిగాడు మల్లేశ్ ఆ మధ్యాహ్నం. "శాస్త్రంల ఏమున్నది?"

పోయినవారి వస్తువుకు మన పెద్దలు మూడు దారులు చూపారు. అగ్నికి ఇవ్వమన్నారు, నీటికి ఇవ్వమన్నారు, మట్టికి ఇవ్వమన్నారు. ఈ దారాన్ని అగ్నిలో వేస్తే హవిస్సు కాదు, కరిగి నల్లటి ముద్దై విషపు పొగ కక్కుతుంది. నీటిలో వేస్తే మునగదు. నా రాగిచెంబులో అది ఎట్లా పైకి తేలివచ్చిందో నాకింకా కళ్ళకు కట్టినట్టున్నది. మట్టిలో పెడితే నేను పోయి, వాడు పోయి, ఎన్ని తరాలు పోయినా అది అట్లాగే ఉంటుంది. పంచభూతాల్లో ఏదీ పుచ్చుకోని దానికి ఏ మంత్రం చెప్పను? నేను చదివిన దేనిలోనూ దానికి విధి లేదు. లేదనే చెప్పాను.

ఆ మాటలు నర్సింహమ్మ వింటున్నది. నాలుగు గ్లాసుల చాయ్ పెట్టిన పళ్ళెం ఆమె చేతుల్లో ఉన్నది. ముందు వాకిట్లో బెంచీ మీద యాదలక్ష్మి కూర్చుని ఉన్నది, ఆమెకు చాయ్ ఇవ్వాలి. వెనుక సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళడమే మా అలవాటు.

నర్సింహమ్మ పీపీ వరుస ముందు ఒక్క క్షణం ఆగింది.

"ఆ పిల్ల నడువుమని పరిచింది" అన్నది. "మొక్కుమని గాదు."

అని, ఆ వరుస మీదనే కాలు పెట్టి, పళ్ళెం ఒలకకుండా, గుంటలనూ గీతనూ తప్పించుకోకుండా, వాకిలి దాకా నడిచి వెళ్ళింది.

యాదలక్ష్మి లేచి నిలబడింది. "అమ్మా, లెక్క తప్పుతదని అన్నది గద ఆమె..."

"లెక్క అయిపాయె. మాట్లాడక చాయ్ తాగు. నువ్వు గూడ ఇటుకెల్లే రా లోపలికి."

యాదలక్ష్మి వచ్చింది. కళ్ళ నీళ్ళు కారుతుండగానే, "బరువుంట నేను, చూడు సునందమ్మా, నన్నేమన్నవు గద" అంటూ వచ్చింది. నేనూ లేచాను. పాదం పెట్టేటప్పుడు లోపల ఏదో ముడుచుకున్నది. ఆమె కుడి అడుగు గుంటలో నా అడుగు పడింది. మెత్తగా, చల్లగా ఉన్నది. అంతకు మించి ఏమీ లేదు. దారమే.

మల్లేశ్ మాత్రం రాలేదు. తల వంచుకుని వెనుక వాకిలి గుండా వెళ్ళిపోయాడు. వాణ్ణి ఎవరమూ పిలవలేదు.

ఆ తరువాత దినాలు మిషన్ రొదలోనే గడిచాయి. పొట్టి లూపులతో బూడిద రంగు టైల్స్, నడుమ తొవ్వ కోసం పసుపు పట్టీ ఉన్నవి కొన్ని. ఆ పసుపు కూడా సునంద రంగుల పట్టికలో గుర్తు పెట్టి ఉంచినదే. ఇంట్లో మేము ముందు వాకిలి నుంచే తిరిగాము. వాడు సందులోంచే తిరిగాడు. మధ్యాహ్నపు చప్పుడు మళ్ళీ వినపడలేదు. వినపడనందుకు నాకు కొంత నిద్ర తగ్గింది. అది దాచను.

కార్తీకంలో మీర్‌పేటకు తీసుకుపోయి పరచి వచ్చే దినాన నన్నూ రమ్మన్నాడు. హాలులో రెండు వైపులా పట్టుకోవడానికి ఇనుప కడ్డీలున్నాయి. వాటి మధ్య మా టైల్స్ అమర్చాడు. ఒక్కొక్క ముక్కను అరచేత్తో అదిమి, అంచు అంచుకు కలిసిందో లేదో వేలితో చూసుకున్నాడు. పని ముగిసేసరికి మంచాల ఊరి దిక్కు నుంచి వచ్చిన జానయ్య అనే ముసలాయన తన వంతు కోసం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ పక్క పడిపోయిన మనిషి.

"కొత్తదా?" అన్నాడు. "దీని మీద నేను ఆపుకోలేక పోస్తే తిట్టరు గద?"

"తిట్టం తాత" అన్నాడు మల్లేశ్. "పోసినా ఏం గాదు. అందుకే ఏరింది ఆమె."

ముసలాయన కడ్డీలు పట్టుకుని లేచాడు. అనురాధమ్మ వెనుక నిలబడింది. కుడి అడుగు పడింది. ఎడమ పాదం పక్కనుంచి తిరిగి, టైల్‌ను రాసుకుంటూ వచ్చి కలిసింది.

టక్కు. సర్రు.

మల్లేశ్ ఊపిరి ఆగడం నాకు పక్కనుంచే తెలిసింది. ముసలాయన అట్లాగే చివరిదాకా వెళ్ళి, చెమటలు కక్కుతూ, పిల్లవాడిలా నవ్వుతూ వెనక్కి తిరిగి చూశాడు. అందరూ ఆయన వైపు చూస్తున్నారు. నా కొడుకు నేల వైపు చూస్తున్నాడు. వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గంప లేపిన నాడు బూడిద మీదికి వంగినట్టే, ముఖం నేలకు తాకేదాకా వంగాడు. వేళ్ళతో తడిమాడు. వెలుతురు పడేలా తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం లేదు బాపు" అన్నాడు నా వైపు తిరిగి. "ఏం నిలువలే."

వాడి ముఖంలో ఉన్నది దుఃఖమో నెమ్మదో చెప్పగలిగేంత చదువు నాకు లేదు.

బడంగ్‌పేట్ మీదుగా బండిలో తిరిగి వచ్చాము. ఇల్లు చేరేసరికి నర్సింహమ్మ తులసి దగ్గర దీపం వెలిగిస్తున్నది. ముందు వాకిలి తెరిచే ఉన్నది. వాడు అలవాటు ప్రకారం సందు వైపు తిరిగాడు. నాలుగు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, గడప దాటి, ఆ వరుస మీద కాలు పెట్టాడు.

నేను బయటే నిలబడి విన్నాను.

రెండు కాళ్ళూ ఎత్తి నడిచాడు. చప్పుడు రాలేదు.

ఆ వరుస ఇప్పటికీ మా పని గదిలోనే ఉన్నది. మా అందరి అడుగులూ పడి కుచ్చు మొత్తం నలిగిపోయింది. ఎవరి గుర్తు ఎవరిదో ఇప్పుడు ఏ వైద్యురాలూ చెప్పజాలదు. అయితే గడపకు ఆనుకుని, తలుపు రెక్క కింద, ఎవరి పాదమూ పోని మూల ఒకటున్నది. అక్కడ కుచ్చులో వేలెడంత వంపు, కొడవలి లెక్క. తలుపు వేసినప్పుడే కనబడుతుంది. దాని సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పొద్దున జపానికి కూర్చునే ముందు ఒకసారి చూసి, తలుపు తెరిచిపెట్టి వస్తాను.

ఈ కథ విన్న మీ ఇళ్ళలో ముందు వాకిళ్ళు మూతపడకుండును గాక. మీ వారి అడుగుల చప్పుడు మీ చెవుల్లో నిండు నూరేళ్ళు నిలుచును గాక. తూలిన అడుగుకు నేల మెత్తనగును గాక. పోయినవారు మిమ్మల్ని పేరు పెట్టి దీవింతురు గాక. శుభం.